ఒక్క గీత

"ఆరు రోజుల నుంచి పార్కు గేటు దగ్గర కూర్చున్నావు. చక్రాల కుర్చీలు ఎన్నొచ్చాయి?" కాగితం మీంచి తల ఎత్తకుండానే అడిగాడు పెద్ద ఇంజనీరు.

"ఒక్కటీ రాలేదు సార్. గేట్లో మూడు మెట్లున్నాయి. ఎలా వస్తాయి?"

"రానివాళ్ళకి ర్యాంపు ఎందుకమ్మా? రేపు మధ్యాహ్నం ప్లాను పైకి వెళ్ళిపోవాలి. ఈలోగా నీ పుస్తకంలో ఒక్క గీత చూపించు, కట్టిస్తాను. లేదంటే అక్కడ ఫౌంటెన్ పెడదాం."

లెక్కలమ్మాయి తన పుస్తకం తెరిచి చూసుకుంది. పార్కులోకి ఎవరెవరు వస్తున్నారో గీతలు గీసి లెక్కపెట్టడం ఆ పిల్ల పని, అందుకే ఆఫీసంతా అలా పిలిచేది. నడకకొచ్చేవాళ్ళకి ఒక గడి, పిల్లలకి ఒక గడి, ముసలివాళ్ళకి ఒక గడి. చక్రాల కుర్చీల గడి మాత్రం కడిగిపెట్టిన పళ్ళెంలా అలాగే ఉంది.

ఉసూరుమంటూ పార్కుకి తిరిగొచ్చేసరికి వాచ్‌మన్ ఎదురొచ్చాడు.

"అమ్మాయ్, ఒక మాట. నవ్వనంటే చెబుతాను. లోపల చక్రాలు తిరుగుతున్నాయి."

"ఏం చక్రాలు బాబాయ్?"

కొలను వైపు మట్టిదారికి తీసుకెళ్ళాడు. తడిమట్టిలో నడిచేవాళ్ళ కాలిగుర్తులు వందలున్నాయి. వాటి మధ్య జంటగా రెండు చక్రాల చారలు. కొలను గట్టు దాకా వెళ్ళి, అక్కడ ఆగి, తిరిగి గేటు వైపే వచ్చేశాయి.

"సైకిలేమో."

"సైకిలు చక్రాలు పక్కపక్కన నడుస్తాయా? నెల్లాళ్ళుగా చూస్తున్నాను. రోజూ చెరిపిస్తాను, రోజూ పడతాయి. ఇదిగో, లోతు చూడు."

అమ్మాయి వంగి వేలు పెట్టింది. తన చెప్పు మడమ దాకా దిగబడిన మట్టిలో ఆ చారలు గోటితో గీరినంతే ఉన్నాయి.

"బరువు లేదు. మెట్లెక్కలేక బయటి నుంచే చూసిపోయిన ప్రాణం ఏదో ఉంటుంది. ఇప్పుడు దానికి మెట్లేంటి, గోడలేంటి," అన్నాడు వాచ్‌మన్ గొంతు తగ్గించి.

అమ్మాయి చటుక్కున వేలు వెనక్కి తీసుకుంది.

"పొద్దున గేటు తీసేది నువ్వేగా, చూడలేదా?"

"అయిదింటికి తాళం తీసి టీకి పోతాను. దయ్యాలకి కాపలా కాయమని నన్నెవరూ పెట్టుకోలేదమ్మా."

ఆరింటికి గానీ అమ్మాయి లెక్క మొదలయ్యేది కాదు. ఆ రాత్రి ఒకటే ఆలోచన. మర్నాడు అయిదింటికే వచ్చి గేటు స్తంభం చాటున నిలబడింది. పొగమంచులో చెట్లు కూడా సరిగ్గా కనిపించడం లేదు. వాచ్‌మన్ అటు టీకి వెళ్ళాడో లేదో, ఇటు వీధిలోంచి చప్పుడు. కిర్రు, కిర్రు. అమ్మాయి స్తంభానికి అతుక్కుపోయింది.

మంచులోంచి బయటికొచ్చింది ఒక చక్రాల కుర్చీ. దాన్ని తోస్తున్నది ఒక ముసలాయన. కుర్చీలో ఎవరూ లేరు, మడతపెట్టిన శాలువా ఒకటుంది. ఆయన మెట్ల దగ్గర ఆగి, కుర్చీని పూలబుట్ట ఎత్తినట్టు ఎత్తి పైన పెట్టాడు.

అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. దయ్యమూ లేదు, భూతమూ లేదు. ముందు కుర్చీని పైకెక్కించి, తరువాత మనిషిని నడిపించుకొస్తాడు కాబోలు. గబగబా పుస్తకం తీసి, ఖాళీ గడి మీద పెన్ను ఆనించింది.

"తాతగారూ, మనిషి వెనకాల ఉన్నారా? ఉండండి, మెట్లెక్కించడానికి నేనూ ఒక చెయ్యి వేస్తాను."

ముసలాయన జారిపోతున్న శాలువాను సీటు మీద సర్దాడు. ఎవరికో చలి వేస్తుందన్నట్టు.

"అక్కర్లేదు తల్లీ. ఆ కొలను చూపించమని అడుగుతూ పదేళ్ళు ఈ మెట్ల కిందే కూర్చుంది మా ఆవిడ. పోయి నెలయింది. ఇప్పుడు బరువేం లేదు, నేనొక్కణ్ణే ఎక్కించేస్తున్నాను."