ఆరని మస్కారా

రెండో కంటికి మస్కారా పెట్టడం ఇంకా మొదలే కాలేదు, గేటు ముందు ఆటో ఆగింది.

"అప్పుడే వచ్చేసిన్రా?" అంది మేబెల్, బ్రష్షు గాల్లో అలాగే పట్టుకుని. "సాయంత్రమని చెప్పి ఇంత ఎండలో దిగుతరా ఎవరన్నా? డోరా, కదలకు. జెర ఓపిక పట్టు."

డోరా కదల్లేదు. ఈ పూట వదిన ఏం చెబితే అది చేయడానికి సిద్ధంగా ఉంది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కాప్రా నుంచి. అబ్బాయి జకర్యాని కిందటి క్రిస్మస్ కరోల్స్‌లో చూసింది. అతనికీ ఈమె నచ్చింది. చిక్కంతా అతని అమ్మా నాన్నలతోనే.

తల్లి రోసమ్మ హెడ్‌మిస్ట్రెస్. డోరా ఫోటో చూడగానే ఆవిడ ఒకటే అడిగిందట, పిల్లకి ఒంట్లో బాగుంటుందా, కళ్లు నీరసంగా ఉన్నాయే అని. డోరాకి ఏ జబ్బూ లేదు. ఉన్నదల్లా కనురెప్పల వెంట్రుకలే. పొడుగ్గానే ఉంటాయి గానీ ఒక్కటీ పైకి తిరగదు. పెంకుటింటి చూరులా తిన్నగా కిందికి దిగి కళ్లని సగం కప్పేస్తాయి. పోనీ ముస్తాబు చేద్దామా అంటే అబ్బాయి తండ్రి దేవసహాయం చర్చిలో సంఘపెద్ద. ముఖం మీద పౌడరు తప్ప మరేం కనిపించినా ఆయన ఒప్పుకోడని సంబంధం తెచ్చినాయన ముందే చెవిన వేశాడు. కాటుక కూడా వద్దన్నాడు.

అంటే కళ్లు విప్పారి కనిపించాలి, కంటికి ఏదో పెట్టినట్టు మాత్రం కనిపించకూడదు.

అందుకే మేబెల్ జనరల్ బజారంతా గాలించి వాటర్‌ప్రూఫ్ మస్కారా తెచ్చింది. ఇలాంటి రెప్పలకి మామూలుది పనికిరాదట, ఆ తడికి వెంట్రుకలు మళ్లీ కిందికి జారిపోతాయట. చెంచాని వేడినీళ్లలో ముంచి తుడిచి, దాని వంపుకి వెంట్రుకల్ని నొక్కిపెట్టి పైకి తిప్పింది. బ్రష్షుకి అంటిన ముద్దని తుడిచేసి, మొదళ్ల నుంచి అటూ ఇటూ కదుపుతూ పల్చగా ఒకే పూత పూసింది. ఆ ఒక్క కంటినీ అద్దంలో చూసుకున్నప్పుడు డోరాకి ఏడుపొచ్చినంత పనైంది. ఇంత పెద్ద కన్ను ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందా అనిపించింది.

రెండో కంటికి అంత ఓపిక ఎక్కడిది? ముందుగదిలో కుర్చీల చప్పుడు వినబడుతుంటే మేబెల్ గబగబా దట్టంగా పూసేసింది. రెండూ ఒకలా ఉండాలని మొదటిదానికీ ఇంకో పూత వేసింది.

"ఆరేదాంక కళ్లు మూయకు," అని గుసగుసగా చెప్పింది. "మూసినవంటే అతుక్కుంటయ్. ఇగ పో."

డోరా టీ ట్రే పట్టుకుని రెప్ప వేయకుండా నడిచింది. ట్రే బల్లమీద పెట్టి తలెత్తేసరికి రోసమ్మ కళ్లద్దాల వెనకనుంచి తేరిపార చూస్తోంది. ఆవిడవి చురుకైన, పెద్ద కళ్లు. క్లాసులో చివరి బెంచీ మీద ఏం జరుగుతోందో కూడా వాటికి తెలిసిపోతుందనిపిస్తుంది. జకర్యా మాత్రం డోరాను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూసి కాస్త ధైర్యం తెచ్చుకుని ఎదురు కుర్చీలో కూర్చుంది.

అప్పుడు దేవసహాయం లేచి నిలబడ్డాడు.

"ముందుగా ప్రార్థించుకుందాం. అందరూ కళ్లు మూసుకోండి."

వాకిట్లో నిలబడ్డ మేబెల్ ముఖం పాలిపోయింది. ఏ మంచి పనికైనా ముందు ప్రార్థన ఉంటుందని పుట్టినప్పట్నుంచీ తెలిసినవాళ్లే ఇద్దరూ. హడావిడిలో ఆ సంగతే తట్టలేదు. సంఘపెద్ద ప్రార్థిస్తుంటే పెళ్లికూతురు గుడ్లప్పగించి చూస్తూ కూర్చోగలదా? డోరా కళ్లు మూసుకుంది.

దేవసహాయం ఆదాము హవ్వలతో మొదలుపెట్టాడు. ఇస్సాకు రిబ్కాల పెళ్లి దాకా వచ్చేసరికే డోరాకి రెప్పలు బిగుస్తున్నట్టు తెలిసింది. ఆయన పితరులందరినీ దాటి డోరావాళ్లుండే కార్ఖానా పేటకి వచ్చి, ఈ ఇంటినీ, టీనీ, బిస్కట్లనూ దీవించి ఆమెన్ అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. కప్పులు కదిలిన చప్పుడైంది.

డోరా కళ్లు తెరవబోయింది. తెరుచుకోలేదు. చేత్తో నలిపితే వేళ్లకి నలుపు అంటుతుంది. తల వంచుకుని అలాగే ఉండిపోయింది.

"చూశావా, రోసమ్మా," దేవసహాయం గొంతు మెత్తబడింది. "మనం ముగించినా అమ్మాయి ఇంకా ప్రార్థనలోనే ఉంది."

డోరాకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. దేవుడి పేరు చెప్పి ఆయన్ని మోసం చేస్తున్నట్టయింది. ఉన్నమాట చెప్పేస్తే సంబంధం పోతుంది, జకర్యా పోతాడు. చెప్పకపోతే మాత్రం ఎంతసేపిలా? నోరు తెరవబోయింది.

అంతలో రోసమ్మ గొంతు వినిపించింది.

"పిల్ల ప్రార్థనలో ఉంటే మనం టీ తాగడమేమిటండీ? ఇంకోసారి చేయండి. అందరూ కళ్లు మూసుకోవాలి. వాకిట్లో ఉన్న అమ్మాయీ, నువ్వు కూడా."

దేవసహాయానికి కావలసింది అదే. మళ్లీ ఆదాము దగ్గర్నుంచి అందుకున్నాడు. ఇది తనకి దేవుడు వేసిన శిక్షే అనుకుంది డోరా. ఎదుటి కుర్చీ కిర్రుమంది. చీర గరగర దగ్గరికొచ్చి ఆగింది. బ్యాగు జిప్పు తీసిన చప్పుడు, ఆ వెంటనే కోల్డ్ క్రీము వాసన. చల్లటి వేలు ఒకటి ఆమె రెప్పల మీద మెల్లగా రాసింది. చేతిరుమాలు అంచు మొదళ్లని తుడిచింది. ఒక కన్ను విడివడింది.

జానెడు దూరంలో రోసమ్మ ముఖం. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి ఉన్నాయి. వాటి వెనక ఇంతసేపూ కనబడని రెప్పలు నల్లగా, పల్చటి పూతతో, ఏ వెంట్రుకకి ఆ వెంట్రుక పైకి తిరిగి ఉన్నాయి.

"నావీ నీలాంటివేనమ్మా, చూరు రెప్పలు," అంది ఆవిడ చెవిలో. "ప్రార్థనలున్న రోజు గంట ముందే పెట్టుకోవాలి. ఆమెన్ అనేలోపు రెండోదీ తెరిచెయ్. ఈ సంగతి ఇన్నేళ్లుగా మీ మామయ్యగారికి తెలీదు."