పూలు పెట్టే చోటు

చోరనూరు కొండ అడవిలో, వేల ఏళ్ల నాటి రాతి సమాధి ముందు ఓబులమ్మ చెప్పులు విడిచి, సంచిలోంచి మల్లెపూలు తీసింది.

“ఇది గుడి కాదమ్మా,” అన్నాడు దారి చూపించడానికి వచ్చిన ఫారెస్టు గార్డు. “ఎప్పటోళ్లనో పూడ్చిన చోటు.”

“తెలుసప్పా. అందుకే వచ్చినా.”

ముందు బండకున్న గుండ్రటి కంతలోంచి ఆమె లోపలికి చూసింది. ఎండుటాకులు తప్ప ఏమీ లేవు.

“మీ వాళ్లెవరన్నా...” అంటూ ఆగాడతను.

“కరోనాలో మా ఇంటాయన పోతే నన్ను దగ్గరికి రానీలేదప్పా. అందరితో కలిపి యాడ పూడ్చినారో ఈపొద్దుటికీ తెలీదు. పూలు పెట్టేకి నాకు ఒక చోటు కావాల.”

గార్డు పక్కకు తప్పుకున్నాడు.

కాపురంలో ఎన్నడూ మొగుడి పేరు నోటితో పలకని ఓబులమ్మ, కంత దగ్గరికి వంగి, “తిప్పేస్వామీ” అని పిలిచింది. కాసేపాగి మళ్లీ పిలిచింది.