వేవే వచ్చిన సాయంత్రాలు

సాయంత్రం అజాన్ ఇంకా పూర్తి కాలేదు. వెదురు కంచె అవతల ఆ ఆడమనిషి మళ్ళీ కనిపించింది.

విరబోసిన జుట్టు. కంచె సందులోంచి వేలు పెట్టి, లోపల కూర్చున్న మూడేళ్ళ బాయుకి గుసగుసగా ఏదో చెబుతోంది.

వాడి తల్లి పూర్వంతి చేతిలో బియ్యం చేట ఆగిపోయింది.

"అత్తయ్యా, మళ్ళీ వచ్చింది."

కర్సినా వంటింట్లోంచి తొంగిచూసింది. "వేవే. నే చెప్పలా?"

పొద్దు గూకే వేళ పిల్లల్ని ఎత్తుకుపోయే ఆడదయ్యం వేవే.

"మనిషిలాగే ఉందిగా అత్తయ్యా."

"మరి మేకలా వస్తుందా?"

పూర్వంతి బాయువైపు చూసింది. మూడేళ్ళొచ్చినా వాడు నోరు విప్పడు. ఇప్పటిదాకా వాడి నోట ఒక్క మాట రాలేదు.

"నొప్పులు పడి కనుంటే దారి వెతుక్కుంటూ వచ్చేవాడు. నువ్వేమో పొట్ట కోయించుకున్నావు. వెతుక్కోవడం రానివాడికి మాటెక్కడ దొరుకుతుందే?" అని అత్తగారు రోజూ పొడిచేది.

డాక్టరు ఒప్పుకోలేదు. "ఆపరేషన్‌కీ దీనికీ ముడిపెట్టకండి. చెవులు బాగానే ఉన్నాయి. ముందు వాడితో మాట్లాడండి," అన్నాడు.

కానీ వాడి మొహం చూస్తే చాలు, పూర్వంతికి పొట్టమీది గాటు సలిపేది. స్నానం చేయించేది, అన్నం పెట్టేది. మాట్లాడేది కాదు.

కర్సినా మూకుడూ గరిటే అందుకుంది. మోత విని ఇరుగుపొరుగు మూతలూ పళ్ళేలూ పట్టుకొచ్చారు. వేవే పారిపోవాలంటే గిన్నెలు మోగించాలి.

ఆమె పారిపోలేదు. "వాడిప్పుడిప్పుడే..." అంది. మిగతాది మోతలో కలిసిపోయింది.

ఎవరో ఉప్పు చల్లారు. ఇంకెవరో రాయి విసిరారు. ఆమె నుదురు పట్టుకుని చెరకు తోటలోకి నడిచి వెళ్ళిపోయింది.

పక్కింటి ముసలాయన పళ్ళెం దించి నవ్వాడు. "లాలించేవాళ్ళు లేని పిల్లల కోసమే వేవే వస్తుందంటారు. మరి మీ ఇంటికెందుకొచ్చినట్టు, కర్సినా?"

పూర్వంతి నవ్వలేకపోయింది.

తరవాత ఆమె రాలేదు. బాయు మాత్రం ప్రతి సాయంత్రం కంచె దగ్గరే కూర్చున్నాడు.

ఒకరోజు గోడవైపు వేలు చూపించాడు.

"బల్లి," అన్నాడు. కాసేపటికి, "బల్లి పోయింది."

"దయ్యం పట్టింది," అంది కర్సినా.

పూర్వంతి బిడ్డను చంకనేసుకుని ఎందాంగ్ దగ్గరికి పరుగెత్తింది. వాడు పుట్టినప్పుడు ఆసుపత్రిలో దగ్గరున్న నర్సు ఆమె.

"వీడికి మాటలు ఎవరు నేర్పారు?" అంది ఎందాంగ్, అంతా విని.

"మేం కాదు నర్సమ్మా. కంచె దగ్గరికి ఒకామె వచ్చేది. ఎడమ కనుబొమ్మ మీద పుట్టుమచ్చ. దయ్యమనుకుని తరిమేశాం."

ఎందాంగ్ చేతిలో పని పక్కన పెట్టింది.

"తుగినా. మొన్ననే సుమత్రా బస్సెక్కింది. దయ్యమన్నాక ఈ ఊళ్ళో ఎలా బతకనూ, ఇక రాను అంది."

"ఎవరామె? నా బిడ్డతో ఆమెకేం పని?"

"నీ కాన్పు రోజు నీకేమైనా గుర్తుందా?"

"నొప్పులు తప్ప ఏమీ గుర్తులేదు."

ఎందాంగ్ బాయు తల నిమిరింది.

"ఆపరేషన్ బల్ల ఒక్కటే ఉంటే, నీ అరుపులు విని, 'ముందు ఆమెను చూడండి, నా బిడ్డ ఆగుతాడు' అని బల్ల దిగిపోయింది ఆమేనమ్మా. ఆమె బిడ్డ ఆగలేదు, కడుపులోనే పోయాడు."