తోడల్లుడి బండి

"అన్నయ్యా, ఏదో ఒకటి తేల్చి చెప్పు! అమ్మేవాడు అవతల ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. నువ్వు ఊఁ అంటే కొనేసినట్టే, కాదంటే ఇప్పుడే వెనక్కి పంపేస్తా" అన్నాడు తోడల్లుడు, పక్క సీట్లోంచి.

స్టీరింగ్ పట్టుకున్న మెకానిక్ బండిని మలుపు తిప్పాడు. సెకండ్ హ్యాండ్‌దైనా ఏనుగులా ఉంది ఎస్‌యూవీ. వీధిలో జనం తలలు తిప్పి మరీ చూస్తున్నారు. ఊళ్లో బండ్లన్నీ బాగుచేసే తనకేమో డొక్కు స్కూటరు! స్పానర్ ఏ వైపు పట్టుకోవాలో తెలియని వీడికి ఇదా? కడుపు భగ్గున మండింది.

గేరు మార్చాడు. కింద ఠంగుమంది. యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజన్ రంకె వేసింది కానీ బండి బద్ధకంగా కదిలింది. క్లచ్ జారుతోంది. వేగం పెంచగానే వెనక చక్రాల మధ్య మూలుగు. వాటిని తిప్పే క్రౌన్ పినియన్ పళ్లు అరిగిపోయాయి. నెల తిరక్కుండా నడిరోడ్డు మీద చతికిలబడుతుంది, ఖాయం!

ఇస్త్రీ చొక్కా చెమటతో తడిసిపోతుంటే తోడల్లుడు ఈ ఏనుగును తోసుకుంటూ పోవడం కళ్ల ముందు కదిలింది. ఆహా, ఎంత చల్లగా ఉందో ప్రాణానికి!

"ఆ మూలుగేంటి అన్నయ్యా?"

"పెద్ద బండి కదా తమ్ముడూ, ఆమాత్రం గొంతుండదా?"

"మరి ఆ ఠంగుమనడం?"

"గేరు పడిందని చెబుతోంది. కొత్తవాటికీ ఉంటుంది."

"నిజంగా?"

"నా మీదే అనుమానమా? మారు మాట్లాడకుండా తీసేసుకో!"

తోడల్లుడి మొహం వెలిగిపోయింది. వెంటనే ఒకటికి రెండు ఫోన్లు చేశాడు. "ఖాయం సార్. వాపసు మాటే లేదు" అన్నది మాత్రం మెకానిక్‌కు తియ్యగా వినిపించింది.

ఈల వేసుకుంటూ బండిని తన ఇంటి ముందు ఆపాడు. భార్య గుమ్మంలోంచి పరుగున వచ్చింది.

"ఒక్క వంక కూడా పెట్టలేదు వదినా!" అని అరిచాడు తోడల్లుడు.

"హమ్మయ్య! ఇన్నేళ్లు కుట్టుమిషను తొక్కి దాచిందంతా ఇప్పుడే పంపేశాను. ఇది మీదేనండీ!" అంది ఆమె మొగుడితో, కళ్లనిండా నీళ్లతో. "మీకోసమని ముందే చెబితే మురిసిపోయి లోపాలేవీ చూడరు. అదే మరిదిగారి కోసమని చెబితే ఏడ్చుకుంటూ నట్టు నట్టూ వెతికి వంద వంకలు పెడతారని, నేనే ఈ నాటకం ఆడించాను!"