దేవుడు దిగే సీను

“నేనెక్కను. చంపినా ఎక్కను!” నికెరాతోస్ దేవతల రాజు జ్యూస్ మాస్కు తీసి కవి ఫైనిప్పోస్ చేతిలో పెట్టేశాడు.

ఫైనిప్పోస్ గోడ పక్క నుంచి తొంగి చూశాడు. అవతల కొండవాలు నిండా ఏథెన్స్ జనం. ఇంకో బృందగానం అయితే చాలు, జ్యూస్ గిలక తాడు మీద ఆకాశం నుంచి దిగి కథలోని చిక్కులన్నీ విప్పాలి. ఆ జ్యూసేమో వేదిక గోడ వెనక చెమటలు కక్కుతూ కూలబడ్డాడు.

“మహానటుడివి కదయ్యా! ఇప్పుడీ పేచీ ఏమిటి?”

“నటుణ్ణే, పిట్టను కాదు. ఆ తాడు చూశావా? నా నడుము చూశావా?”

“నా కొంప ముంచకు నాయనా! ఏటా నాటకాల పోటీలో నాది ఆఖరి స్థానమే. ఈసారి బహుమతి మేకను తోలుకొస్తేనే గడప తొక్కమంది మా ఆవిడ. ఇరుగుపొరుగును విందుకు కూడా పిలిచేసింది!” ఫైనిప్పోస్‌కు నిజంగానే ఏడుపొచ్చింది.

“సరే, మాటలు ఈ గోడ వెనక నుంచి నేను చెబుతా. మాస్కులో నోరు కదిలిందో లేదో ఎవడు చూడొచ్చాడు? పైన ఇంకెవణ్ణయినా కూర్చోబెట్టు.”

“ఎవడున్నాడయ్యా? మిగతా ఇద్దరు నటులూ వేదిక మీద గుండెలు బాదుకుంటున్నారు!”

గిలక తిప్పే ద్రోమోన్ ఉల్లిపాయ కొరుకుతూ అందుకున్నాడు. “నేనొకణ్ణి పట్టుకొస్తా బాబూ. కొండల్లో పుట్టి పెరిగినోడు. ఎత్తంటే లెక్కే లేదు.”

“మధ్యలో ఏదో ఒకటి వాగి చెడగొడతాడేమో?”

“నోట్లో ఏదైనా పెట్టామంటే కిక్కురుమనడు.”

“ఎవడైతే నాకేం, తొందరగా కట్టు!” మాస్కునూ, నేల దాకా జీరాడే అంగీనీ ద్రోమోన్ మీదికి విసిరి ఫైనిప్పోస్ జనంలోకి పరుగెత్తాడు.

గిలక కిర్రుమంది. జ్యూస్ గాల్లోకి లేచాడు. గోడ వెనక నికెరాతోస్ గొంతు ఉరిమింది. పైన దేవుడు తల విదిలించాడు, కాళ్ళు తన్నుకున్నాడు. అంతటితో ఆగక, కీర్తికి గుర్తుగా మెళ్ళో వేసిన ఆకుల దండను పరపర నమిలేశాడు.

‘ఆకలిగొట్టు వెధవా! నా నాటకం తినేశావు కదరా!’ ఫైనిప్పోస్ నెత్తి కొట్టుకున్నాడు.

పక్కనున్న ముసలాయన మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు. “ఆహా! తన కీర్తిని తనే తినేస్తున్నాడు! ఎంత లోతయ్యా! ఇలాంటి నటన నా జన్మలో చూళ్ళేదు.”

నటుల మీద విసరడానికి తెచ్చుకున్న అంజూరాలు జనం ఒళ్ళోనే ఉండిపోయాయి. కొండంతా చప్పట్లతో మోగింది. గిలక బిగుసుకుపోయి జ్యూస్ ఇంకా గాల్లోనే ఊగుతున్నాడు.

ఆ రోజుకు అదే చివరి నాటకం. న్యాయనిర్ణేతలు గుసగుసలాడుకున్నారు. చాటింపువాడు ముందుకొచ్చి, “విజేత ఫైనిప్పోస్!” అని అరిచాడు.

ఫైనిప్పోస్ నమ్మలేక ముసలాయన్ని వాటేసుకున్నాడు. వేదిక మీదికి దూకినంత పని చేశాడు.

“బహుమతి మేకను తీసుకురండి!” చాటింపువాడు భటులకు కేకేశాడు.

భటులు వేదిక వెనక్కి పరుగెత్తి, ఉత్త చేతులతో తిరిగొచ్చారు. “గుంజకు పలుపొక్కటే ఉందండీ!”

“అయ్యో, నా మేక! మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానిస్తుందా?” ఫైనిప్పోస్ అక్కడే చతికిలబడ్డాడు. ద్రోమోన్ ఉల్లిపాయ మింగలేక కక్కలేక మెల్లిగా పైకి చూశాడు.

జ్యూస్ “మే...” అన్నాడు.