కనపడని పాత కంప్యూటర్

కొత్త కంప్యూటర్లు తమలోకి వచ్చిన ప్రతి ఫైలునూ చదివి, భోజనాల వేళ ఇంటిల్లిపాదికీ వినిపిస్తున్న రోజులవి. మా పాత కంప్యూటర్ రేపో మాపో ఆగిపోయేలా ఉండటంతో నా ఫైళ్లన్నీ కొత్తదానికి పంపబోయాను. డైరీకి పాస్‌వర్డ్ ఉందని ధైర్యం.

"ఈ ఇంట్లో ఇంకో కంప్యూటర్ లేదండీ," అంది కొత్తది.

రెండూ ఒకే వైఫైలో ఉన్నాయి. అబద్ధమాడుతోందని అనుమానించి, పాతదాన్ని తెరిచి చూశాను. కొత్తదానికి కనపడకుండా అందులో ఫైల్ షేరింగ్ ఎవరో ఆపేశారు.

"నేనే ఆపాను," అంది నా భార్య హైమవతి, బెండకాయలు తరుగుతూ. "నన్ను అనుమానిస్తూ మీరు రాసుకున్నదంతా అది అన్నాల దగ్గర చదివితే అమ్మాయి వినదూ?"

"డైరీకి పాస్‌వర్డ్ ఉంది."

"నాకే తెరుచుకుంది, దానికో లెక్కా? ఎప్పుడో చదివేశాను లెండి."

ఇన్నాళ్లూ ఆమె నాతో ఒక్కసారైనా పోట్లాడలేదు. తప్పేమీ లేకపోతే ఎందుకు ఊరుకుంది?