తాతగారి సందేహాలు

"పదిహేడో శతాబ్దం అన్నారు. మరి సంవత్సరం చూస్తే పదహారు వందల పైచిలుకే ఉంది. ఆ లెక్కేమిటి తల్లీ?"

కంప్యూటర్ తెరమీద గళ్ళలో ఉన్న ముఖాలన్నీ ఒక్కసారి కదిలాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. మైకు ఆపడం మరిచిపోయిన ఒకాయన, "మొదలెట్టాడ్రా బాబూ!" అని గట్టిగానే అనేశాడు.

క్లాసు నడిపే అమ్మాయికీ నవ్వాగలేదు.

"చిన్నపిల్లల ప్రశ్న అడిగారు తాతగారూ! మొదటి వందేళ్ళూ మొదటి శతాబ్దం. అలా లెక్కేసుకుంటూ రండి."

"అదా సంగతి! బాగుంది, బాగుంది," అన్నారు తాతగారు. అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వారు.

ఆ అమ్మాయి పగలంతా కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తుంది. చిన్నప్పటి నుంచీ చరిత్ర అంటే పిచ్చి. చదువు మధ్యలో ఆగిపోయింది గానీ పిచ్చి ఆగలేదు. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు చెప్పిన పాఠాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయని తెలిసి, ఒక్కటీ వదలకుండా వింది. ఆ శ్రద్ధ చూసి, పాఠాలు పెట్టినవాళ్ళే ఆదివారం చర్చ నడిపే పని ఆమెకు అప్పగించారు. జీతం లేదు. అయినా వారమంతా ఆ ఒక్క గంట కోసమే ఎదురుచూసేది.

షరతు మాత్రం ఒకటుంది. చేరినవాళ్ళలో సగం మందైనా చివరిదాకా నిలవాలి. లేకపోతే క్లాసు ఎత్తేస్తారు.

అందుకే గోలా గందరగోళం లేకుండా ఆమె ఒక నియమం పెట్టింది. ప్రశ్న అడిగేవాళ్ళు కెమెరా వేసుకుని, అందరికీ ముఖం చూపించి అడగాలి.

ఆ నియమం వచ్చాక అడిగేది దాదాపు తాతగారొక్కరే.

అవేం ప్రశ్నలో! కోట కట్టినన్నాళ్ళూ రాళ్ళు మోసిన ఆడవాళ్ళ పసిపిల్లల్ని ఎవరు చూసుకున్నారు? రాజుగారు విందు చేస్తే వంటవాళ్ళు ఎప్పుడు తినేవారు? యుద్ధంలో కుంటిదైపోయిన గుర్రాన్ని ఏం చేసేవారు? ఒకదానికీ ఒకదానికీ పొంతన ఉండదు. ఒక్క బుర్రలో ఇన్ని రకాల సందేహాలు ఎలా పుడతాయా అని ఆమెకు వింతగా ఉండేది.

కొన్నింటికి వారమంతా వెతికినా జవాబు దొరికేది కాదు. నిజం చెప్పాలంటే ఆమెకు ఒళ్ళు మండింది అందుకే.

శతాబ్దం లెక్క అడిగిన ఆ రోజు అందరూ వెళ్ళాక ఆయన్ని ఒక్కరినే ఉండమంది.

"తాతగారూ, ఏమీ అనుకోకండి. మీ ప్రశ్నలతోనే గంట గడిచిపోతోంది. ఇలాగైతే మిగతావాళ్ళు విసుగెత్తి వెళ్ళిపోతారు. ఇకనుంచి మీరు విని ఊరుకుంటే చాలు."

"నేను అడగడం మానేస్తే ఇబ్బందవుతుందేమో తల్లీ."

"ఎవరికండీ ఇబ్బంది?"

"అది చెప్పకూడదులే. నీ క్లాసు నీ ఇష్టం. చల్లగా ఉండు."

తరువాతి ఆదివారం ఆయన కనిపించలేదు. చూస్తే, క్లాసులోంచి పేరే తీసేసుకున్నారు. ఆయన ఫోన్ నెంబరూ ఊరూ ఎవరికీ తెలియవు.

క్లాసు నల్లేరు మీద నడకలా సాగింది. "సందేహాలున్నాయా?" అంటే ఎవరూ నోరు విప్పలేదు. అందరికీ అన్నీ అర్థమైపోతున్నాయని ఆమె మురిసిపోయింది.

ఆపై వారం తెరమీద గళ్ళు పలచబడ్డాయి. ఆ తరువాతి వారం ఇంకాస్త. విచిత్రమేమిటంటే, విసుగెత్తి వెళ్ళిపోతారనుకున్న మాటకారులు ఉన్నచోటే ఉన్నారు. వెళ్ళిపోయేదంతా ఏనాడూ కెమెరా వేయనివాళ్ళే.

ఆమెకిది అంతుపట్టలేదు. మానేసినవాళ్ళకు విడివిడిగా మెసేజ్‌లు పెట్టింది.

"హోటల్లో వంటపని ఎక్కువైందమ్మా," అని ఒకాయన రాశాడు.

"చంటిదానితో తీరిక ఉండటం లేదక్కా," అని ఒకావిడ.

నిన్నటిదాకా ఉన్న తీరిక ఇవాళ ఏమైందో ఎవరూ చెప్పలేదు.

చివరికి పైనుంచి కబురు వచ్చింది. ఈ నెలతో క్లాసు ఆపేస్తున్నారు.

ఆమెకు ఏడుపొచ్చింది. ఉతికిన దుప్పట్లు మడతపెడుతున్న అమ్మ పక్కన చతికిలబడింది.

"నేనేం తక్కువ చేశానమ్మా? ఏమడిగినా అందరూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారు. ఆ తాతగారే నయం. తెలియకపోయినా నోరు తెరిచి అడిగేవారు."

"అందులో ఒక్కటీ ఆయన సందేహం కాదే," అంది అమ్మ.

"నీకెలా తెలుసు?"

అమ్మ కాస్త సిగ్గుపడింది.

"నేనూ మొదటి వారమే చేరాను. ఫొటో పెట్టలేదు, పేరు వేరే పెట్టుకున్నాను. పని చేసుకుంటూ వినేదాన్ని. నువ్వేమో ముఖం చూపించి అడగాలంటివి. మాకెవరికీ నోరు పెగల్లేదు. 'మీ సందేహాలు నాకు పంపించండి, నావే అన్నట్టు అడిగేస్తాను, ఎవరివో చెప్పను' అని ఆయనే మాకు క్లాసులోంచే విడిగా మెసేజ్‌లు పెట్టారు."

ఆమె అమ్మ దగ్గరికి జరిగింది.

"ఇప్పుడాయన ఎక్కడున్నారో నీకేమైనా తెలుసా?"

"పేరు తీసేసుకున్నాక మాకూ దారి లేదే."

"పోనీ నువ్వు... పక్కగదిలోనే ఉన్నాను కదమ్మా! నన్నే అడగొచ్చుగా?"

అమ్మ చేతిలో దుప్పటి పక్కన పెట్టి, కూతురి ముఖం వైపు చూడకుండా మెల్లగా అంది.

"ఆ శతాబ్దం లెక్క అడిగి నీ ముందు నవ్వులపాలవుతానని నేను జంకితే, నా బదులు ఆయనే నవ్వులపాలయ్యారమ్మా."